చిన్న అనలాగ్ బేస్ సింథసైజర్: విశాఖ వాద్యకారులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో పెళ్లి కచేరీలకు, వినాయక చవితి పందిళ్లకు, ఆదివారం చర్చి గానబృందాలకు వాయించే కీబోర్డు కళాకారులలో నేనూ ఒకడిని. స్వరాన్ని పుట్టించే రెండు ఆసిలేటర్లు, అందులోని పై శబ్దాలను తగ్గించే ఒక ల్యాడర్ ఫిల్టర్ ఉన్న చిన్న అనలాగ్ బేస్ సింథసైజర్ ఒకటి ఈ మధ్య నా సామానులో చేరింది. స్టేజి మీద దాన్ని చూసిన ప్రతి వాద్యకారుడూ మొదట నవ్వుతాడు, తరువాత నాబ్ తిప్పి చూస్తాడు, ఆపైన ప్రశ్నలు మొదలుపెడతాడు. అలా మళ్లీ మళ్లీ ఎదురైన ప్రశ్నలకు నా సమాధానాలు ఇవి.

దీనికి కీలు లేవు కదా, వాయించడం ఎలా?

మీ దగ్గర ఇప్పటికే ఉన్న కీబోర్డుతోనే వాయించాలి. కీబోర్డు వెనుక ఉన్న మిడి అవుట్ నుంచి ఈ పెట్టె మిడి ఇన్‌కు ఒక తీగ కలిపితే చాలు. 1983లో వాడుకలోకి వచ్చిన ఈ మిడి పద్ధతిలో తీగ గుండా శబ్దం రాదని, ఏ కీ నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న సమాచారం మాత్రమే వస్తుందని గుర్తుంచుకోవాలి. శబ్దం కోసం పెట్టె నుంచి మిక్సర్‌కు వేరే తీగ వేయాలి. "అన్నీ కలిపాను, పలకడం లేదు" అని నాకు ఫోన్ చేసిన వారిలో ఎక్కువ మంది ఈ రెండో తీగ మరిచిపోయినవారే, లేదా మిడి ఛానెల్ అంకె రెండు చోట్లా ఒకటిగా పెట్టనివారే.

ఇంకొక తిరకాసు కూడా ఉంది. మామూలు 61 కీల కీబోర్డులో అన్నిటికంటే కింది సి స్వరం 65.4 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర ఉంటుంది. బేస్ గిటార్‌లో అట్టడుగు ఇ తీగ 41.2 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అంటే మీ కీబోర్డు ఎడమ అంచు కూడా బేస్ గిటార్ లోతుకు దిగదన్నమాట. కీబోర్డును రెండు భాగాలుగా స్ప్లిట్ చేసి, ఎడమ చేతి భాగాన్ని ఒక ఆక్టేవ్ కిందికి దించిన తరువాతే ఈ పెట్టె అసలు గొంతు వినిపిస్తుంది. ఆ పని చేయకుండా వాయించి "ఇందులో ఏముంది, మామూలుగానే ఉంది" అని పక్కన పెట్టేసిన మిత్రులు ఇద్దరు నాకు తెలుసు.

ఇంత డబ్బు పోసి కొన్న పరికరం ఒకేసారి ఒక్క స్వరమే పలుకుతుందా?

అవును, ఒక్కటే. అందరికీ మొదట గుచ్చుకునేది ఇదే. అయితే సన్నాయి ఒకేసారి ఎన్ని స్వరాలు పలుకుతుందని మనం ఎన్నడూ అడగలేదు. కీబోర్డు ఆకారంలో కనిపించేది ఏదైనా కార్డ్స్, అంటే ఒకేసారి కొన్ని స్వరాలు, పలకాలి అన్న అలవాటు వల్లనే ఈ వెలితి కనిపిస్తోందని నా అభిప్రాయం.

బేస్ విషయంలో ఒక్క స్వరానికి పరిమితం కావడానికి శబ్దశాస్త్రపరమైన కారణం ఒకటి ఉంది. 41.2 హెర్ట్జ్ ఇ స్వరాన్ని, 49 హెర్ట్జ్ జి స్వరాన్ని కలిపి పలికించి చూడండి. ఆ రెండింటికీ మధ్య తేడా సెకనుకు దాదాపు 8 కంపనాలే కాబట్టి, చెవికి రెండు స్వరాలు విడివిడిగా అందవు, గరగరమనే ఒకే ముద్ద అందుతుంది. అదే జంటను మూడు ఆక్టేవ్‌లు పైన వాయిస్తే చక్కని మైనర్ థర్డ్ వినిపిస్తుంది. కింది స్థాయిలో ఒక్క స్వరం నిలిస్తేనే పైన ఉన్న గాత్రానికీ, వయొలిన్‌కూ చోటు దొరుకుతుంది.

రెండు కీలు ఒకేసారి నొక్కితే ఏది పలుకుతుందన్నది పరికరాన్ని బట్టి ఉంటుంది. 1970లో వచ్చిన మినీమూగ్ సింథసైజర్ వంటివాటిలో కింది స్వరానిదే పైచేయి. మరికొన్నింటిలో చివర నొక్కినది పలుకుతుంది. చివర నొక్కినదానికి ప్రాధాన్యం ఉన్న పెట్టెలో చిటికెన వేలితో షడ్జమం నొక్కి పట్టి, బొటనవేలితో పై పంచమాన్ని తాకి వదిలితే, వదిలిన ప్రతిసారీ స్వరం దానంతట అదే షడ్జమానికి వచ్చి పడుతుంది. ఈ వేళ్ల పనికి అలవాటుపడటానికి నాకు రెండు వారాలు పట్టింది. ఇప్పుడు నా ఎడమ చేతికి కార్డ్స్ జ్ఞాపకం రావడం లేదు.

నా కీబోర్డులోనే బోలెడు బేస్ టోన్లు ఉన్నాయి. తేడా నిజంగా వినిపిస్తుందా?

అన్ని చోట్లా వినిపించదు. పెళ్లిలో బంధువులు ఫోనుతో తీసిన వీడియోలో మీ కీబోర్డు బేస్ ఏది, ఈ పెట్టె బేస్ ఏది అని అడిగితే నేను కూడా చెప్పలేను. తేడా ముందుగా తెలిసేది వాయించేవారి చేతికి, ఆ తరువాత పెద్ద స్పీకర్ల ఎదుట కూర్చున్నవారికి.

కీబోర్డులోని బేస్ టోన్ చాలావరకు ముందుగా రికార్డు చేసి దాచిన శబ్దం కాబట్టి, ఒకే కీని ఒకే బలంతో నాలుగుసార్లు నొక్కితే నాలుగుసార్లూ ఒకే మాదిరి మొదలవుతుంది. ఇక్కడ రెండు ఆసిలేటర్లు, కీ నొక్కినా నొక్కకపోయినా, లోపల తమ మానాన తాము తిరుగుతూనే ఉంటాయి. ఒకదాన్ని 55 హెర్ట్జ్ దగ్గర, రెండోదాన్ని 55.5 హెర్ట్జ్ దగ్గర ఉంచితే శబ్దం రెండు సెకన్లకు ఒకసారి నిండుగా పెరిగి మళ్లీ తగ్గుతుంది. మీరు కీ నొక్కిన క్షణానికి అవి ఏ దశలో ఉన్నాయన్నది మీ చేతిలో లేదు కనుక ప్రతి దెబ్బా కొంచెం వేరుగా మొదలవుతుంది. నిదానమైన స్తుతి కీర్తనలో నాలుగు లెక్కల పాటు ఒకే స్వరం నిలబెట్టినప్పుడు ఈ ఊపిరి బాగా తెలుస్తుంది. వేగంగా నడిచే మాస్ పాటలో దీన్ని ఎవరూ గమనించరు, గమనించనవసరం కూడా లేదు.

రెసొనెన్స్ నాబ్ పెంచగానే బేస్ పలచబడుతోంది. నా పెట్టెలో లోపం ఉందా?

లోపం లేదు. అమెరికన్ ఇంజనీరు రాబర్ట్ మూగ్ రూపొందించిన, 1969లో పేటెంట్ పొందిన ల్యాడర్ ఫిల్టర్‌కు అది పుట్టుకతో వచ్చిన గుణం. ఈ ఫిల్టర్ తన హద్దుకు పైన ఉన్న శబ్దాన్ని ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ చొప్పున, అంటే ప్రతి ఆక్టేవ్‌కూ దాదాపు పదహారో వంతుకు, తగ్గిస్తుంది. రెసొనెన్స్ పెంచడమంటే, ఫిల్టర్ నుంచి బయటికి వచ్చిన శబ్దంలో కొంత భాగాన్ని తలకిందులు చేసి మళ్లీ దాని ముఖద్వారంలోకే పంపడం. హద్దు దగ్గర ఉన్న స్వరాలకు అది బలం చేకూరుస్తుంది కానీ, అడుగు స్వరాలకు ఎదురు తగిలి వాటిని కొంత చెరిపేస్తుంది. ఫిల్టర్ తనంతట తాను ఈల వేసే అంచుకు వచ్చేసరికి, లెక్క ప్రకారం, అడుగు స్వరం ఐదో వంతుకు పడిపోతుంది. పాటకు లోతు కావాలంటే ఆ నాబ్‌ను మొదటి పావు దాటనివ్వకండి. వంకర్లు పోయే చిరుశబ్దం కావాలనుకున్నప్పుడు మాత్రం పెంచండి, అప్పుడు బేస్ బాధ్యత మరొకరికి అప్పగించండి.

కచేరీ మధ్యలో శ్రుతి జరుగుతుందని విన్నాను. నిజమేనా?

నిజమే. నేను ఆ అవమానం పడినవాడినే. గాజువాకలో మే నెల పెళ్లి ఒకటి. మధ్యాహ్నమంతా కారు డిక్కీలో కాగిన పెట్టెను నేరుగా ఏసీ హాలులోకి తెచ్చి, వెంటనే ట్యూన్ చేసి, గణపతి ప్రార్థన మొదలుపెట్టాను. మూడో పాటకు వచ్చేసరికి గాయని నా వైపు తిరిగి కళ్లతోనే అడిగింది, ఏమైందని. బేస్ ఒక్కటే అందరినీ వదిలి పక్కకు జరిగిపోయింది. వాల్యూమ్ సున్నాకు తిప్పి, తలవంచుకుని, మిగిలిన పాటను కుడి చేత్తో లాగించాను.

ఇలా జరగడానికి కారణం ఆసిలేటర్‌లో ఉంది. అనలాగ్ ఆసిలేటర్‌లో వోల్టేజీని స్వరంగా మార్చే భాగం ట్రాన్సిస్టర్ల మీద ఆధారపడుతుంది. సాధారణంగా ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక ఆక్టేవ్ పెరిగేలా దాన్ని కొలతకు తెస్తారు. అయితే ఆ ట్రాన్సిస్టర్ల ప్రవర్తన గది ఉష్ణోగ్రత దగ్గర ప్రతి డిగ్రీ సెల్సియస్‌కూ సుమారు 0.33 శాతం మారుతుంది. దీన్ని సరిదిద్దడానికి ఉష్ణోగ్రతతో పాటు మారే ప్రత్యేక రెసిస్టర్లను అమర్చడం పాత పద్ధతి. ఈ కాలపు పెట్టెలు పాతవాటికంటే చాలా నిలకడగా ఉంటాయి. అయినా పెట్టె ఇంకా వేడెక్కుతూనో చల్లబడుతూనో ఉండగా చేసిన ట్యూనింగ్ నిలవదు.

కాబట్టి హాలుకు వెళ్లగానే మొదట ఈ పెట్టెకు కరెంటు ఇవ్వండి. మైకులు, మిగతా తీగలు తరువాత చూసుకోవచ్చు. ఇరవై నిమిషాల తరువాత ట్యూన్ చేసి, మొదటి పాట అయ్యాక ఒకసారి, విరామంలో ఇంకోసారి సరిచూడండి. సరిచూసేటప్పుడు అట్టడుగు స్వరంతో కాకుండా రెండు ఆక్టేవ్‌లు పైన ఉన్న స్వరంతో చూస్తే క్లిప్ ట్యూనర్లకూ, మన చెవికీ కూడా సులువు.

గాయకుల శ్రుతికి సర్దడం, గమకాలు పలికించడం సాధ్యమేనా?

శ్రుతికి సర్దడం తేలిక. ఐదున్నర శ్రుతిలో పాడేవారికి జి షార్ప్, నాలుగు శ్రుతివారికి ఎఫ్ షడ్జమం అవుతుంది. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ చేస్తే మిడి ద్వారా బేస్ కూడా సాధారణంగా దానితోపాటే మారుతుంది. ఫైన్ ట్యూన్ నాబ్ ఉండటం వల్ల, శ్రుతి పెట్టె కొద్దిగా అటూ ఇటూ ఉన్నా దానికి చెవితోనే కలుపుకోవచ్చు.

గమకాల సంగతి వేరు. గ్లైడ్ నాబ్ ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారుస్తుంది. అది జారు గమకానికి దగ్గరగా ఉంటుంది కానీ, ఊగే గాంధారం దానివల్ల రాదు. దానికి పిచ్ బెండ్ చక్రం మీద చేయి తిరగాలి. ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాడు ముంబయి సినీ వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్. ఆయన 1982లోనే రోలాండ్ టీబీ-303 బేస్ పెట్టెతో, టీఆర్-808 డ్రమ్ మెషీన్ తాళంతో పది రాగాలను డిస్కో లయ మీద రికార్డు చేశారు. ఆ బేస్ పెట్టెలో స్వరం నుంచి స్వరానికి జారే సౌకర్యం రాగానికి అచ్చంగా సరిపోయింది. అయినా నా మట్టుకు నేను బేస్‌లో గమకాన్ని పొదుపుగానే వాడతాను. పైన గాయని రిషభాన్ని తిప్పుతుండగా కింద నేనూ ఊగితే, ఇద్దరిలో ఎవరు నిలబడి ఉన్నారో వినేవారికి తెలియదు.

ఇంట్లో గోడలు అదిరిపోతాయి, బీచ్‌లో మాత్రం వినిపించదు. ఎందుకు?

41.2 హెర్ట్జ్ స్వరపు తరంగం పొడవు గాలిలో ఎనిమిది మీటర్ల పైమాటే. ఎంవీపీ కాలనీలో నా సాధన గది పొడవు 14 అడుగులు, అంటే దాదాపు 4.27 మీటర్లు. అది ఇంచుమించు ఆ తరంగంలో సగం కావడంతో, ఇ స్వరం వాయించగానే గది మొత్తం దానికి వంత పాడుతుంది. పక్కనే ఉన్న జి కి అంత స్పందన లేదు. మొదట్లో ఇ ఎక్కువగా పలుకుతోందని పెట్టెనే తప్పుపట్టాను. కుర్చీని గోడ దగ్గర నుంచి జరపగానే అది గది చేస్తున్న గోల అని తెలిసింది. మీ గదిలో ఏ స్వరం ఇలా విజృంభిస్తుందో తెలుసుకోవడానికి అన్ని కింది స్వరాలనూ ఒకే బలంతో వరుసగా వాయించి చూడండి.

ఆర్కే బీచ్ ఆరుబయట స్టేజి మీద ఈ వంత పాడే గోడలే ఉండవు. శబ్దం సముద్రం వైపు వెళ్లిపోతుంది, అలల హోరు వేరే ఉంటుంది. అక్కడ సబ్‌వూఫర్లు లేని సౌండ్ సిస్టమ్‌తో 40 హెర్ట్జ్ కోసం పాకులాడటం వృథా. ఫిల్టర్‌ను కొంచెం తెరవండి. 55 హెర్ట్జ్ స్వరం వినిపించకపోయినా దాని పై అంతస్తులైన 110, 165, 220 హెర్ట్జ్ వినిపిస్తే, లేని అడుగు స్వరాన్ని మన చెవి తానే పూరించుకుంటుంది. ఫోన్ స్పీకర్‌లో కూడా బేస్ నడక తెలియడానికి కారణం ఇదే.

స్పీకర్లలో "మ్‌మ్" అని హమ్ వస్తోంది. ఏం చేయాలి?

మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్ పెట్టె పలికే స్వరాలు కూడా ఆ ఇరుగుపొరుగునే ఉంటాయి కాబట్టి, ఇతర వాద్యాలకు కేవలం చికాకు అనిపించే హమ్ బేస్‌కు మాత్రం శ్రుతి దోషంగా మారుతుంది. ఐదు శ్రుతి గాయకుడికి మీరు 49 హెర్ట్జ్ జి నిలబెడితే, 50 హెర్ట్జ్ హమ్ దానితో తగిలి సెకనుకు ఒకసారి శబ్దం ఊగుతుంది. ఆసిలేటర్లు కలవలేదేమోనని నేను ఒక సాయంత్రమంతా నాబ్‌లతో కుస్తీ పట్టాను. తీరా చూస్తే ఊగుతున్నది ఎర్తింగ్.

కీబోర్డు, సింథసైజర్, మిక్సర్ వేర్వేరు ప్లగ్గుల నుంచి కరెంటు తీసుకుంటే వాటి ఎర్త్ తీగలు చుట్టుగా కలిసి హమ్ తెచ్చే ఎర్త్ లూప్ ఏర్పడే అవకాశం ఉంది. అన్నిటికీ ఒకే పవర్ బోర్డు నుంచి ఇవ్వండి. అప్పటికీ పోకపోతే గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో తీగలోని గ్రౌండ్ కలయికను తెంచే స్విచ్) ఉన్న డీఐ బాక్స్ ద్వారా, అంటే వాద్యానికీ మిక్సర్‌కూ మధ్య పెట్టే చిన్న పెట్టె ద్వారా, మిక్సర్‌కు పంపండి. స్టేజి మీద కొందరు చేసే విధంగా మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. హమ్ పోతుంది కానీ, జనరేటర్ మీద నడిచే పందిట్లో మైకు పట్టుకున్న గాయకుడి ప్రాణం మీదకు వస్తుంది. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ తీగ తగిలించినప్పుడు మాత్రమే కీచుమనే శబ్దం వస్తుంటే, యూఎస్‌బీకి బదులుగా ఐదు పిన్నుల మిడి తీగ వాడండి. అందులో సమాచారం కాంతి ద్వారా దాటేలా ఆప్టో ఐసొలేటర్ ఉంటుంది కనుక రెండు పరికరాల గ్రౌండ్‌లు కలవవు.

సముద్రపు గాలికి పాడవుతుందా?

బీచ్ రోడ్డు అపార్టుమెంట్లలో కిటికీ గ్రిల్లుల గతి తెలిసినవారికి ఈ ప్రశ్న అక్కరలేదు. ఉప్పుగాలి ముందుగా జాక్‌లను, ఆ తరువాత నాబ్‌ల కింద ఉండే పొటెన్షియోమీటర్లను పట్టుకుంటుంది. నాబ్ తిప్పినప్పుడు గరగర వస్తే అది మొదటి హెచ్చరిక. కరెంటు తీసేసి, ఎలక్ట్రానిక్స్ కోసం అమ్మే కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, నాబ్‌ను ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. కుట్టుమిషన్ నూనె పోయకండి. పోసినవారి పెట్టె విప్పి చూశాను, దుమ్ముతో కలిసి బంక తయారైంది. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచడం మంచిది. ఏసీ హాలు నుంచి బయటి ఉక్కలోకి వచ్చినప్పుడు చల్లటి పెట్టె మీద తేమ పడుతుంది కాబట్టి, కనీసం అరగంట బ్యాగు జిప్పు తీయకండి.

ప్రీసెట్లు లేకపోతే పాటకో టోన్ ఎలా మార్చాలి?

కొన్నింటిలో ప్రీసెట్లు, అంటే ముందే దాచిపెట్టిన టోన్లు, ఉంటాయి, కొన్నింటిలో ఉండవు. లేనివాటికి నాబ్‌ల స్థితిని ఫోనుతో ఫొటో తీసుకోవడమే మార్గం. నేను ఒక కచేరీకి మూడు టోన్లకు మించి వాడను.

ఇది వస్తే బేస్ గిటార్ కళాకారుడి పొట్ట కొట్టినట్టు కాదా?

సూటిగా అడిగిన ప్రశ్న కాబట్టి సూటిగానే చెబుతాను. మన ఊరి కచేరీల్లో ఖర్చు తగ్గించమనగానే ముందు తీసేసేది బేస్ గిటార్‌నే. ఆ పని ఈ పెట్టె రాకముందే జరిగింది. గాత్రం లేకుండా ముందే రికార్డు చేసిన మైనస్ ట్రాక్‌లూ, కీబోర్డు కళాకారుడి ఎడమ చేయీ ఆ చోటును ఎప్పుడో ఆక్రమించాయి. ఇప్పటికే ఖాళీగా ఉన్న ఆ చోటులో కాస్త శ్రద్ధగా పలికే గొంతు ఒకటి ఉండాలన్నదే నా ఉద్దేశం. బేస్ గిటార్ ఉన్న రోజున నేను ఈ పెట్టెను సంచిలోనే ఉంచుతాను, లేదా చరణం చివర నిలిచే పొడవైన స్వరాలకు మాత్రమే ఒక ఆక్టేవ్ కింద తోడు వేస్తాను. ఇద్దరూ ఒకే స్థాయిలో నడిస్తే ప్యాడ్స్ వాయించేవారి కిక్ దెబ్బ కూడా ఆ ముద్దలో కలిసిపోతుంది.

గిటార్ వాద్యకారుడి వేలు తీగను తాకీ తాకనట్టు వేసే మూగ దెబ్బలు ఈ పెట్టెకు రావు. టీబీ-303 చరిత్రే ఇందుకు సాక్ష్యం. ఒంటరిగా సాధన చేసుకునే గిటార్ కళాకారులకు బేస్ తోడుగా ఉండాలని 1981లో దాన్ని మార్కెట్లోకి తెచ్చారు. నిజమైన బేస్ గిటార్‌లా పలకలేక, సుమారు పది వేల పెట్టెలు తయారయ్యాక 1984లో ఆగిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికిన ఆ పెట్టెల నాబ్‌లను చికాగో కుర్రాళ్లు ఇష్టం వచ్చినట్టు తిప్పడంతో ఆసిడ్ హౌస్ అనే కొత్త సంగీతం పుట్టింది.

ఏ రకం కొనుక్కోవాలి?

మీ దగ్గర కీబోర్డు ఉండి లోతు ఒక్కటే తక్కువైతే, 2012లో వచ్చిన మూగ్ మినీటార్ తరహా పెట్టె సరిపోతుంది. అది 1970ల నాటి టారస్ అనే కాలి పెడళ్ల బేస్ సింథసైజర్ వారసత్వం. బేస్ కోసమే పుట్టింది కాబట్టి పై స్వరాలకు మొదట్లో హద్దు కూడా పెట్టారు. లీడ్ వాయించాలనుకునేవారికి ఇది నచ్చదు. కరెంటు లేని చోట, బీచ్‌లో స్నేహితులతో కూర్చుని వాయించాలంటే 2013 నాటి కోర్గ్ వోల్కా బేస్ చూడండి. మూడు ఆసిలేటర్లు, స్వరాల వరుసను తానే వాయించే పదహారు మెట్ల సీక్వెన్సర్ ఉండి ఆరు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. సొంత కీలూ, టోన్లు దాచుకునే చోటూ కావాలంటే అదే ఏడాది వచ్చిన నోవేషన్ బేస్ స్టేషన్ 2 కు 25 కీలు ఉన్నాయి. రూపం చూసి మోసపోకండి. 2016లో వచ్చిన రోలాండ్ టీబీ-03 చూడటానికి పాత 303 లాగే ఉంటుంది కానీ లోపల డిజిటల్, అంటే శబ్దాన్ని కంప్యూటర్ లెక్కలతో పుట్టిస్తుంది. శబ్దం నచ్చితే అది తప్పేమీ కాదు, అనలాగ్ అనుకుని కొనడమే తప్పు.

సెకండ్ హ్యాండ్ పెట్టెను ఎలా పరీక్షించాలి?

అమ్మేవారి ఇంటికి వెళ్లి, అరగంట ఆన్‌లో ఉంచమని ముందే ఫోన్‌లో చెప్పండి. వెళ్లాక ఒకే స్వరాన్ని మూడు ఆక్టేవ్‌లలో వాయించి ట్యూనర్‌తో చూడండి. కింద సరిగ్గా ఉండి పైకి వెళ్లేకొద్దీ తప్పుతుంటే క్యాలిబ్రేషన్ పోయిందన్నమాట. ప్రతి నాబ్‌నూ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి గరగర వినండి, అవుట్‌పుట్ జాక్‌లో తీగను కొద్దిగా కదిలించండి. అడాప్టర్ దానితో పాటు వచ్చిన అసలుదేనా అని అడగండి. వోల్టేజీ సరిపోయినా ప్లస్, మైనస్ తారుమారైన అడాప్టర్ తగిలిస్తే కొన్న రోజే పెట్టె మూగబోవచ్చు. చివరగా, ఆ ఇల్లు సముద్రానికి ఎంత దూరంలో ఉందో కూడా కిటికీలోంచి ఒకసారి చూసుకోండి. నేనైతే సముద్రానికి దూరంగా ఉన్న పెందుర్తి వైపు పెట్టెకు ఒక వెయ్యి రూపాయలు ఎక్కువైనా ఇస్తాను.